‘మనసు బాగోలేదు’ అని యజమానికి చెప్పొచ్చా?

వనపర్తి జిల్లా అమరచింతలో చాలా ఇళ్లలో పని చేసే చోటు, ఇల్లు ఒకటే. గద్వాల చీరలు నేసే ఊళ్లలో ఇదొకటి. ఆయన మగ్గం గుంటలో కూర్చుంటే ఆమె కండెలు చుడుతుంది. చీర పూర్తయితేనే కూలి. నడుం నొప్పి, కళ్ల మంట గురించి ఇక్కడ అందరూ మాట్లాడుకుంటారు. నెలరోజులుగా నిద్ర లేదని, మగ్గం ఎక్కాలంటేనే గుండె దడగా ఉందని చెప్పడం మాత్రం కష్టం. చెబితే మాస్టర్ వీవర్ నూలు ఇవ్వడం ఆపేస్తాడేమో! ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంటే ఆ భయం రెట్టింపు.

హైదరాబాద్‌లో ఐటీ కొలువు చేస్తున్నవారి భయమూ ఇలాంటిదే. నూలు బదులు అప్రైజల్, అంతే తేడా.

దాచడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మానసిక సమస్యలున్న వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

అలాగని అందరికీ చెప్పాల్సిన పని లేదు. నమ్మకమున్న ఒక్కరు చాలు. జబ్బు పేరుతో మొదలుపెట్టకండి. పనికి ఏం అడ్డొస్తోందో, మీకేం కావాలో చెప్పండి. ‘సార్, మూడు వారాలుగా నిద్ర పట్టట్లేదు. డాక్టరుకు చూపించుకుంటున్నా. ఈ నెల నైట్ షిఫ్ట్ వద్దు’. మగ్గం దగ్గరైతే, ‘అన్నా, ఒంట్లో బాగోలేదు, ఈ చీరకు ఇంకో వారం పడుతుంది’. ఈపాటి మాటకు పని తీసేసేవాళ్లూ ఉంటారు, కాదనలేం. కానీ చెప్పకుండా గడువు తప్పితే పడే ముద్ర ఇంకా చెడ్డది.

వినేవాళ్లకు ఒక్కమాట. ‘నీకేం తక్కువ?’ అనొద్దు. మన ఇళ్లలో ఆ ప్రశ్న నోరు మూయించినంతగా మరేదీ మూయించదు. ‘ఎన్నాళ్ల నుంచి?’ అని అడగండి. దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరును కలవాల్సిందే. మందులు మొదలయ్యాక, తగ్గిందని సొంతంగా ఆపేయకూడదు.

డాక్టరుకు చెప్పింది ఆఫీసుకు చేరుతుందని వెనకాడేవారు చాలామంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ వివరాలను గోప్యంగా ఉంచాలంటోంది. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది. పాలసీ తీసుకునేటప్పుడు ఈ సంగతి అడిగి చూడండి.

ఆసుపత్రికి వెళ్లేందుకు మనసు రాకపోతే 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎవరైనా చనిపోవాలని ఉందంటే మాత్రం ఒంటరిగా వదలకండి. అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, అవసరమైతే 108ని పిలవండి.