రెండు హైడ్రోజన్లు తీసి ఆగాలి

ఇంట్లో బకెట్టు, ప్లాస్టిక్ కుర్చీ, బియ్యం బస్తా: చాలావరకు ఇవన్నీ పాలీప్రొపిలీనే. దానికి ముడిసరుకు ప్రొపిలీన్. వంటగ్యాస్ సిలిండర్లో బ్యూటేన్‌తో కలిసి ఉండే ప్రొపేన్ నుంచి దాన్ని తయారుచేయొచ్చు. ప్రొపేన్ అణువులోంచి రెండు హైడ్రోజన్ పరమాణువుల్ని తీసేస్తే చాలు.

చెప్పినంత తేలిక కాదు. ఈ చర్యకు దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి అణువు ముక్కలైపోతుంది, లేదా హైడ్రోజనంతా పోయి బొగ్గు మిగులుతుంది. రెండు తీసి అక్కడితో ఆగే క్యాటలిస్టు కోసమే నాలాంటి కెమిస్టుల పాట్లన్నీ.

క్రోమియం ఆక్సైడ్ ఈ పని చేస్తుందని 1933లో అమెరికాలో ఫ్రే, హప్కే చూపించారు. దాన్ని అల్యూమినా మీద పరిచి పరిశ్రమలు ఇప్పటికీ వాడుతున్నాయి. ఒక్క గ్రాము అల్యూమినా లోపలి రంధ్రాల గోడలన్నీ పరిస్తే 120 గజాల ఇంటిస్థలానికి పైనే వస్తుంది. అంత జాగాలో క్రోమియం పలుచగా పరుచుకోవాలి. ఎక్కువైతే గడ్డకడుతుంది. గడ్డ లోపలి పరమాణువులకు గ్యాస్ తగలదు, అవి దండగే.

తయారీ మా ల్యాబులో ఇలా ఉంటుంది. తెల్లటి అల్యూమినా గుళికల మీద క్రోమియం నైట్రేట్ ద్రావణాన్ని, అవి పీల్చుకునేంతే కొలిచి పోస్తాం. ఆరబెట్టి ఫర్నేసులో కాలిస్తే గుళికలు పసుపెక్కుతాయి. ప్రొపేన్ తగలగానే ఆకుపచ్చగా మారతాయి. కొద్దిసేపటికే బొగ్గు పేరుకుని నల్లబడతాయి. అప్పుడు వేడి గాలి పంపి బొగ్గు కాల్చేస్తే మళ్లీ పసుపు. ఫ్యాక్టరీలో నిమిషాల వ్యవధిలో ఇదే తంతు: కొన్ని రియాక్టర్లు ప్రొపిలీన్ ఇస్తుంటే, మిగతావి బొగ్గు కాల్చుకుంటాయి. బొగ్గు కాలిన వేడి వృథా పోదు, తర్వాతి విడత చర్యకు అదే ఆసరా. కాస్త పొటాషియం కలిపితే అల్యూమినాలోని ఆమ్ల గుణం తగ్గి, బొగ్గూ తగ్గుతుంది.

ఆ పసుపు రంగంటేనే నాకు భయం. అది క్యాన్సర్ తెచ్చే ఆరు వేలన్సీ క్రోమియం. క్యాటలిస్టును నింపేటప్పుడు, ఖాళీ చేసేటప్పుడు లేచే దుమ్ము పీల్చేది కార్మికుడు. ప్లాటినం–టిన్ క్యాటలిస్టు పరిశ్రమలో ఉంది కానీ ప్లాటినం ఖరీదైనది. అందుకే వెనేడియం, గాలియం, జిర్కోనియం ఆక్సైడ్ల మీద పరిశోధన సాగుతోంది. వీటికి ప్రోత్సాహం గట్టిగా అందాలి.

మా విద్యార్థులు కొత్త క్యాటలిస్టు తెచ్చి తొలి గంటలో ఎంత ప్రొపిలీన్ వచ్చిందో చూపిస్తారు. వందసార్లు నల్లబడి, వందసార్లు కాలాక ఎంత ఇస్తోందని అడుగుతాను. ఫ్యాక్టరీకి పనికొచ్చే లెక్క అదే.