స్టీరింగ్ కింది సాకెట్ కథ

కారు స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. మెకానిక్ స్కానర్ తగిలించేది దానికే. దాని పేరు ఓబీడీ పోర్టు.

దాని పుట్టుకకు కారణం పొగ. కాలుష్యాన్ని అదుపు చేసే భాగాలు చెడిపోతే ఆ సంగతి కారే చెప్పాలని కాలిఫోర్నియా 1988 మోడళ్ల నుంచి నిబంధన తెచ్చింది. అప్పట్లో ఒక్కో కంపెనీది ఒక్కో సాకెట్, ఒక్కో కోడు. 1996 మోడళ్ల నుంచి అమెరికా అంతటా ఒకే తరహా సాకెట్ తప్పనిసరైంది. 2001లో ఐరోపా పెట్రోలు కార్లకు, తర్వాత బీఎస్-4 కాలుష్య ప్రమాణాల దశలో మన కార్లకూ ఈ విధానం వచ్చింది. దాంతో ఏ కంపెనీ కారు జబ్బునైనా వీధి చివరి మెకానిక్ కనిపెట్టగలిగాడు.

అయితే పొగ లెక్కల కోసం తెరిచిన ఆ దారి కారులోని మిగతా కంప్యూటర్లకూ దారి చూపింది. 1998 నుంచి ఐరోపాలో కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. తాళంచెవిలోని చిప్‌ను గుర్తుపడితేనే ఇంజన్ కదులుతుంది. తాళంచెవి పోతే కొత్తదాన్ని చాలా కార్లలో ఈ పోర్టు ద్వారానే నమోదు చేస్తారు. దొంగలు ఆ కిటుకు పట్టారు. 2012 ప్రాంతంలో బ్రిటన్‌లో ఖరీదైన కార్లలోకి చొరబడి, పోర్టుకు పరికరం తగిలించి, ఖాళీ తాళంచెవిని నిమిషాల్లో నమోదు చేసుకుని తోలుకుపోయారు.

కార్లకు రక్షణ లేకపోలేదు. కారు ఒక సంఖ్య ఇస్తుంది, రహస్య సూత్రం తెలిసిన పరికరమే దానికి సరైన జవాబు చెబుతుంది. కానీ ఆ సూత్రం బయటికి పొక్కితే కాపలా పోయినట్టే. జవాబు చెబుతున్నది మెకానికో దొంగో కారుకు తెలియదు.

అందుకే ఇప్పుడు పరికరంతో పాటు మనిషినీ పరీక్షిస్తున్నారు. అమెరికాలో పేరు నమోదైన తాళాల నిపుణులకే కంపెనీలు తాళంచెవి కోడ్లు ఇస్తాయి. కారు ఎవరిదో ఆ నిపుణుడు ముందు రూఢి చేసుకోవాలి. ఐరోపా సమాఖ్య 2021లో చేసిన నిబంధన ప్రకారం, బయటి గ్యారేజీలకూ భద్రతా సమాచారం అందుతుంది. అయితే నేరచరిత్ర లేదని తేలిన ఉద్యోగికే డిజిటల్ ధ్రువపత్రం ఇస్తారు.

ఇదే సరైన దారి. దొంగల భయంతో పోర్టునే మూసేస్తే నష్టపోయేది చిన్న మెకానిక్, ఆయన్ను నమ్ముకున్న కారు యజమాని. తలుపు తెరిచే ఉండాలి, లోపలికొచ్చేవారు ఎవరో తెలియాలి. కొత్త తాళంచెవి చేయించుకునేటప్పుడు ఆర్సీ, గుర్తింపు కార్డు అడిగిన మెకానిక్‌ను విసుక్కోకండి. ఆయన కాపాడుతున్నది మీ కారునే.