బండిలో రబ్బరు కాలు వాసన: కారణములు, నివారణోపాయములు

షంషాబాదు, షాబాదు, చేవెళ్ల ప్రాంతముల రైతులు తమ కూరగాయలను తెల్లవారకమునుపే నగరమునకు చేర్చవలసియుండును. పూర్వము ఎడ్లబండ్లు చేసిన యీ పనిని నేడు పికప్ బండ్లు చేయుచున్నవి. ఎద్దునకు జబ్బు చేసినచో మేత మానును. బండికి జబ్బు చేసినచో శబ్దముచేతనో, వాసనచేతనో తెలియజేయును. సరకుతో బుద్వేలు దాటి ఆరాంఘరు కూడలిని సమీపించు వేళ రబ్బరు కాలిన వాసన వచ్చినను, "మార్కెట్టునకు పోయిన పిమ్మట చూచుకొందము" అని సాగిపోవువారు గలరు. ఇట్లు చేయుటవలన సరకు దారిలో నిలిచిపోవుటయేగాక, మనుష్యులకును అపాయము కలుగవచ్చును.

ఆకు పసుపుబారుటకు నత్రజని లోపము, నీరు నిలుచుట, వేరుకుళ్లు మున్నగు పలు కారణములున్నట్లే, ఈ వాసనకును పలు కారణములు గలవు. కారణమెరుగక మందు చల్లువానికిని, వాసన వచ్చినంతనే క్లచ్చు ప్లేటు మార్పించువానికిని భేదము లేదు. వాసన ఎప్పుడు వచ్చుచున్నది? ఎచ్చటినుండి వచ్చుచున్నది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము దొరికిన పిమ్మటనే డబ్బు వెచ్చింపవలెను.

ముడి రబ్బరును గంధకముతో కలిపి కాచినచో అది వేడికి జిగురుగాక, చలికి పెళుసుగాక నిలుచునని 1839వ సంవత్సరమున అమెరికా దేశస్థుడగు చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. టైర్లు నేటికిని ఇట్టి రబ్బరుతోనే తయారగుచున్నవి. మితిమీరి వేడెక్కినప్పుడు దానినుండి వెలువడు ఘాటు ముక్కునకు వెంటనే తగులును.

మొదటిది, ఫ్యాను బెల్టు. బండి స్టార్టు చేసినప్పుడు కీచుమను శబ్దముతో కూడ వాసన బానెట్టు క్రిందినుండి వచ్చినచో బెల్టు జారుచున్నదని తలంపవలెను. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, చల్లారిన పిమ్మట చూడుడు. బెల్టు లోపలివైపు అద్దమువలె మెరయుచున్నను, పగుళ్లు వారియున్నను మార్పింపవలెను. వదులైనచో బండి పుస్తకమునందు చెప్పినంత బిగింపవలెను. క్రొత్త బెల్టు సైతము కాలుచున్నచో, ఆల్టర్నేటరు లేక మరియొక కప్పీయొక్క బేరింగు పట్టుకొనిపోయినదేమో త్రిప్పి చూడవలెను. శబ్దము మాన్పుటకు సబ్బుగాని నూనెగాని రుద్దుట కూడదు. పెక్కు బండ్లలో నీటి పంపును త్రిప్పునది ఈ బెల్టే. అది తెగినచో ఇంజను కాగిపోవును. కొన్ని డీజిలు బండ్లలో బ్రేకునకు బలమిచ్చు వాక్యూము పంపు ఆల్టర్నేటరుతోడనే తిరుగును గనుక, బెల్టు తెగినచో బ్రేకు పెడలు కూడ గట్టిపడును.

రెండవది, చక్రములు. కొంత దూరము పోయిన పిమ్మట వాసన వచ్చినచో బండిని సమతలమున ఆపి, నాలుగు చక్రములయొద్దను అరచేతి వెనుకభాగమును తాకకుండ దగ్గరకు పెట్టి వేడిని పోల్చి చూడుడు. ఒక చక్రము మాత్రమే మిక్కిలి వేడిగా నున్నచో అచ్చటి బ్రేకు వదలుటలేదని యర్థము. చేతి బ్రేకు పూర్తిగా దించితిరా? దాని కేబులు బురదచేతను తుప్పుచేతను బిగుసుకొనినదా? ఇవి సరిగా నున్నచో బ్రేకు సిలిండరును మేస్త్రీచే పరీక్ష చేయింపవలెను. కాగిన చక్రముపై నీళ్లు పోయరాదు, డ్రమ్ము పగులవచ్చును. టైరే వేడెక్కియున్నచో గాలి తక్కువయగుటయో, బరువు ఎక్కువయగుటయో కారణము. అధిక భారముచే కమాను కట్ట అణగి టైరు మడ్‌గార్డునకు రాచుకొనినచో, ఆ గుర్తు టైరుపై గీతగా కనబడును.

మూడవది, క్లచ్చు. రద్దీలో పెడలుపై కాలు ఆనించి బండిని అంగుళమంగుళముగా జరుపుచున్నప్పుడు వచ్చు వాసన తరచుగా దీనిదే. ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను జోరు పెరిగియు బండి వేగము పెరుగకున్నచో ప్లేటు జారుచున్నదన్నమాట. ముందుగా పెడలు ఆటను సరిచేయించి, అప్పటికిని జారుచున్నచో ప్లేటు మార్పింపవలెను. కాలిని పెడలుపై విశ్రమింపజేయు అలవాటు మానక క్రొత్త ప్లేటు వేయించిన ప్రయోజనముండదు.

నాలుగవది, పైనుండి వచ్చి తగులుకొనినవి. జారిన రబ్బరు గొట్టము, వ్రేలాడు టార్పాలిను అంచు, రోడ్డుపై లేచిన పాలిథీను సంచి సైలెన్సరునకు అంటుకొని కాలవచ్చును. గొట్టమును క్లిప్పుతో దూరముగా కట్టించిన చాలును. సంచిని సైలెన్సరు చల్లారిన పిమ్మటనే గీకవలెను.

ఐదవదియు మిక్కిలి ప్రమాదకరమైనదియు తీగలు కాలుట. ఈ వాసన రబ్బరుకంటె ప్లాస్టికు వాసనను పోలియుండును. దీపములు మినుకుమినుకుమనుటయు, ఫ్యూజు మాటిమాటికి పోవుటయు దీని గుర్తులు. ఫ్యూజునకు బదులు రాగితీగ చుట్టుట నిప్పును పిలిచి యింట కూర్చుండబెట్టుటయే. పొగ కనబడినచో వెంటనే ఇంజను ఆపి అందరును దిగి దూరముగా పోవలెను. మంట యున్నదని తోచినచో బానెట్టును పైకెత్తరాదు. గాలి తగిలి మంట పెరుగును. పొగయు మంటయు లేనప్పుడు మాత్రమే బ్యాటరీ తీగ విప్పవలెను.

రైతు సోదరులారా! వారమున కొకసారి బండి చల్లగా నున్నప్పుడు గాలిని, బెల్టును, గొట్టములను, చేతి బ్రేకును చూచుటకు పావుగంట చాలును. రిజిస్ట్రేషను పత్రమునందు వ్రాసిన బరువునకు మించి సరకు వేయకుడు. దారిలో వాసన తగిలినచో రోడ్డు అంచున సురక్షితస్థలమున ఆగి, కారణము తెలిసినగాని కదలకుడు. ఒకనాటి బేరము తప్పినను మరునాడు కోత గలదు. తగులబడిన బండికి మరునాడు లేదు.