పగలు సైకిలు... రాత్రి పడవ!

పొద్దంతా సైకిలు మీద పల్లెలు చుట్టడం, సాయంత్రానికి పడవ చేరి భోంచేసి పడుకోవడం... నెదర్లాండ్స్‌ను చూడాలనుకునేవారికి ఇదో సరదా మార్గం. బడి పిల్లల నుంచి తాతయ్యల దాకా అందరూ ఒకే జట్టుగా వెళ్లొచ్చే ఈ యాత్ర వెనక ఆ దేశం చేసిన రెండు పోరాటాలున్నాయి. ఒకటి నీళ్లతో, రెండోది కార్లతో!

ఉదయం ఎనిమిది గంటలు. కాలువ ఒడ్డున కట్టేసిన పొడవాటి పడవలో టిఫిన్ల హడావుడి. బల్లమీద రొట్టెలు, చీజ్‌, గుడ్లు, పండ్లు. మధ్యాహ్నానికి ఎవరి పొట్లం వాళ్లే కట్టుకోవాలి. కొందరు రెండు రొట్టెముక్కల మధ్య చీజ్‌ పెట్టుకుంటే, ఇంకొందరు వెన్న రాసి చాక్లెట్‌ పలుకులు చల్లుకుంటారు. అది పిల్లల తిండేగా అనుకునేరు, అక్కడ పెద్దవాళ్లూ ఇష్టంగా తింటారు!

తొమ్మిదింటికల్లా ఒడ్డుమీది సైకిళ్లు కదులుతాయి. పడవ కూడా తన దారిన తాను బయల్దేరుతుంది. సైకిళ్లు 30, 40 కి.మీ. తొక్కి మరో ఊరు చేరేసరికి, అదే పడవ అక్కడి రేవులో ఎదురుచూస్తుంటుంది. రోజూ పెట్టెలు సర్దే పనిలేదు, హోటల్‌ వెతుక్కునే బాధలేదు. ఊరు మారుతుంది, పక్క మాత్రం మారదు.

సరుకుల పడవే ఇల్లు

ఈ పడవల్లో చాలావరకూ ఒకప్పుడు ఇసుక, బొగ్గు, ధాన్యం మోసినవే. లారీలు, పెద్ద ఓడలు వచ్చాక వాటికి పని తగ్గింది. దాంతో సరుకు నింపే చోట గదులు కట్టి యాత్రికుల పడవలుగా మార్చేశారు. సాధారణంగా ఇరవై మందికి అటూఇటూగా పడతారు. ఇద్దరికో గది, అందులోనే చిన్న స్నానాలగది. కొన్నింటిలో కిటికీ నీటిమట్టానికి కాస్త పైనే ఉంటుంది. పొద్దున్నే కళ్లు తెరిచేసరికి ఎదురుగా బాతులు ఈదుతూ కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

పడవ నడిపే సరంగు, వంట చేసేవారు, దారి చూపే గైడు... వీళ్లే ఆ వారం రోజులకీ ఇంటివాళ్లు. దారిలో లాకులు వస్తే మరీ సరదా. వెనక తలుపు మూసుకుంటుంది, నీటిమట్టం నెమ్మదిగా మారుతుంది, ముందు తలుపు తెరుచుకుంటుంది. గోదావరి కాలువల మీద లాకులు చూసినవారికి ఇది పరిచయమైన దృశ్యమే. పడవ వస్తోందంటే చాలు, ఎన్నోచోట్ల వంతెనే లేచి నిలబడి దారిస్తుంది. కార్లూ సైకిళ్లూ ఓపిగ్గా ఆగాల్సిందే.

అంకెలు చెప్పే దారి

దారి తప్పుతామేమోనన్న భయం అక్కర్లేదు. సైకిలు దారులు కలిసే ప్రతి కూడలికీ ఓ అంకె ఉంటుంది. పొరుగునున్న బెల్జియం నుంచి తెచ్చుకున్న పద్ధతిది. 23 నుంచి 45కి, అక్కణ్నుంచి 12కి అని కాగితంమీద రాసుకుంటే చాలు, స్తంభాల మీది బాణం గుర్తులే తీసుకెళ్తాయి. జట్టుగా వెళ్లేటప్పుడు ఇంకో చిట్కా ఉంది. మలుపు వచ్చిన ప్రతిచోటా ఒకరు ఆగి వెనకవాళ్లకు దారి చూపిస్తారు. అందరికంటే చివర వచ్చే వ్యక్తి కనిపించాక మళ్లీ జట్టులో కలుస్తారు. దాంతో వేగంగా తొక్కేవాళ్లు ఆగిపోనక్కర్లేదు, నెమ్మదిగా వచ్చేవాళ్లు కంగారుపడనక్కర్లేదు. నది అడ్డొస్తే సైకిళ్లతో సహా పంటు ఎక్కేయడమే.

నేల బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి తొక్కడం తేలికే. కానీ, కొండల్లేని ఆ దేశంలో ఎదురుగాలే కొండ! మోకాళ్లు మొరాయిస్తాయనుకునేవారికి బ్యాటరీ సైకిళ్లూ అద్దెకిస్తారు.

పిల్లి కాపాడిన పసిబిడ్డ

ఆమ్‌స్టర్‌డ్యామ్‌ నుంచి దక్షిణాదికి వెళ్లే యాత్రల్లో తప్పక ఆగే ఊరు కిండర్‌డైక్‌. కాలువల వెంట వరసగా 19 గాలిమరలు. ఎక్కువభాగం 1740 ప్రాంతంలో కట్టినవే. 1997లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఇవి పిండి విసిరే మరలు కావు. పల్లంలో చేరిన నీటిని ఎత్తి పైమడుగులోకి పోసేవి. అక్కణ్నుంచి అది నదిలోకి వెళ్లేది. ఇప్పుడా పని పెద్ద పంపులు చేస్తున్నా, మరలను తిరిగే స్థితిలోనే ఉంచారు. కొన్నింట్లో కుటుంబాలు కాపురముంటున్నాయి కూడా.

ఎందుకింత అవస్థంటే... ఆ దేశంలో దాదాపు నాలుగోవంతు నేల సముద్రమట్టానికి దిగువనే ఉంది. గట్టుమీద సైకిలు తొక్కుతుంటే ఓవైపు నది పైన, మరోవైపు పొలాలూ ఇళ్లూ కింద కనిపిస్తాయి. కిండర్‌డైక్‌ అంటే ‘పిల్లలగట్టు’. 1421 నాటి వరదలో ఓ ఊయల కొట్టుకొచ్చిందట. ఎటు ఒరిగితే అటువైపు కాకుండా రెండోవైపుకు దూకుతూ ఓ పిల్లి దాన్ని మునగకుండా కాపాడిందట. లోపల పసిబిడ్డ క్షేమం! ఇది కథే కావచ్చు, వరదలు మాత్రం నిజం. 1953లో సముద్రం గట్లు తెంచుకుని 1836 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరవాతే దశాబ్దాలపాటు భారీ ఆనకట్టలు, అడ్డుగోడలు కట్టారు.

డెల్ఫ్ట్‌ నుంచి బందరు దాకా

ఊళ్లూ ఒకదాన్ని మించి ఒకటి. గౌడాలో వసంతం, వేసవి నెలల్లో గురువారం పొద్దున చీజ్‌ సంత జరుగుతుంది. పసుప్పచ్చటి చక్రాల్లాంటి చీజ్‌ ముద్దలు పేర్చి, ఒకరి చేతిని ఒకరు చరుస్తూ బేరమాడతారు. ఇప్పుడది చాలావరకూ యాత్రికుల కోసమే అయినా చూడ్డానికి భలే ఉంటుంది. ఆ దగ్గర్లోని డెల్ఫ్ట్‌ నీలిరంగు పింగాణీకీ, చిత్రకారుడు వెర్మీర్‌కీ పుట్టినిల్లు. తెలుగువాళ్లకు ఈ ఊరితో మరో చుట్టరికమూ ఉంది. డచ్‌ ఈస్టిండియా కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో ఒకటి ఇక్కడిదే. 1600ల తొలి ఏళ్లలోనే ఆ కంపెనీ మచిలీపట్నంలో దిగి మన అద్దకం బట్టలు కొనుక్కెళ్లింది. భీమునిపట్నంలోని పాత డచ్చి సమాధులు ఆ రోజుల గుర్తులే.

అమ్మానాన్నలు రోడ్డెక్కారు!

ఇక రెండో పోరాటం. సైకిలు డచ్చివారికి పుట్టుకతో వచ్చిందనుకుంటాం. నిజానికి 1950, 60ల్లో అక్కడా కార్లు రోడ్లను ఆక్రమించాయి. సైకిలు తొక్కేవాళ్ల సంఖ్య ఏటా పడిపోయింది. 1971 ఒక్క ఏడాదిలోనే రోడ్డు ప్రమాదాల్లో మూడువేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని అలా పోగొట్టుకున్న ఓ పాత్రికేయుడు ‘పిల్లల హత్యలు ఆపండి’ అంటూ పత్రికలో రాశాడు. ఆ మాటే ఉద్యమం పేరైంది. తల్లిదండ్రులు పిల్లలతో సహా వీధుల్లో బైఠాయించారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు నడపొద్దని ప్రభుత్వం ఆదేశించడంతో, ఖాళీ రోడ్లు ఎంత హాయిగా ఉంటాయో అందరికీ తెలిసొచ్చింది. ఆ తరవాత ఊరూరా సైకిళ్లకు వేరే దారులు వేస్తూ వచ్చారు. ఇప్పుడు జనాభా కంటే సైకిళ్లే ఎక్కువ. ఉట్రెక్ట్‌ రైల్వేస్టేషన్‌ కిందైతే ఏకంగా 12,500 సైకిళ్లు పెట్టే చోటు ఉంది.

వెళ్లాలనుకుంటే...

ఈ యాత్రలు ఎక్కువగా ఏప్రిల్‌ నుంచి అక్టోబరు వరకూ ఉంటాయి. తులిప్‌ తోటలు చూడాలంటే ఏప్రిల్‌ మధ్యలో వెళ్లాలి. మనవాళ్లకు షెంజెన్‌ వీసా తప్పనిసరి. శాకాహారులైతే ఆ సంగతి ముందే చెప్పాలి. ఎండ కాస్తున్నా సరే, సంచిలో వానకోటు ఉండాల్సిందే. అలవాటు లేనివారు ప్రయాణానికి నెల ముందు నుంచే రోజూ కాసేపు సైకిలు తొక్కడం మేలు.

వారం తిరిగేసరికి గాలిమరలు, చీజ్‌, తులిప్‌లు అన్నీ చూసేస్తారు. అయితే బడి ఉన్న రోజున పొద్దున్నే రోడ్డువంక చూడటం మరిచిపోవద్దు. వీపున సంచులు తగిలించుకున్న పిల్లలు, పక్కన పెద్దవాళ్లెవరూ లేకుండానే, కబుర్లాడుకుంటూ సైకిళ్లమీద బడికి వెళ్తుంటారు. యాభై ఏళ్ల కిందట ఆ అమ్మానాన్నలు రోడ్డెక్కింది ఆ దృశ్యం కోసమే!