విత్తనము - ఉమ్మడి సొత్తు



పొరుగువాని పొలమున పంట ఏపుగా పండినచో, నూర్పిళ్ల వేళ కొన్ని గింజలడిగి తెచ్చుకొని మరుసటి యేట చల్లుకొనుట మన పల్లెలలో పూర్వాచారము. ఇచ్చినవాడు దాతనని విఱ్ఱవీగలేదు, పుచ్చుకొన్నవాడు చిన్నవోలేదు. ఈ యాచారమునే నేడు దేశదేశములందు కొందఱు పండితులు క్రొత్త పేరుతో, క్రొత్త కట్టుబాటుతో నిలువబెట్ట యత్నించుచున్నారు. ఆ సంగతియే నేటి ప్రసంగవిషయము.

ముందుగా ఆ పేరెక్కడిదో చెప్పవలయును. కంప్యూటరు అను గణనయంత్రమును నడపు ఆదేశముల కూర్పునకు సాఫ్టువేరు అని పేరు. దానినమ్మువారు లోపలి వ్రాతను దాచియుంచుట పరిపాటియయ్యెను. 1983వ సంవత్సరమున అమెరికాదేశీయుడగు రిచర్డు స్టాల్మను, ఆ వ్రాతను ఎల్లరును చూడవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును అను ఉద్యమము నారంభించెను. దానితో నొక నియమమును చేర్చెను: దిద్దిన దానిని ఇతరులకిచ్చువాడు, తాను పొందిన స్వేచ్ఛనే వారికిని ఒసగవలయును. 1998 మొదలు ఇట్టి పద్ధతికి ఓపెన్ సోర్స్, అనగా దాపఱికము లేని మూలము, అను పేరు వ్యాపించినది.

ఇందలి కీలకము ఆ నియమమే. ఊరక యిచ్చిన వస్తువును ఒకడు గ్రహించి, ఇంచుక మార్చి, తనదేయని తాళము వేయవచ్చును. నియమముతో నిచ్చిన దానికి అట్లు తాళము పడరాదు. చెఱువు నీటిని ఆయకట్టుదారులెల్లరును పాఱించుకొందురు. తూమును తన చేనివైపే త్రిప్పుకొనుటకు ఎవనికిని హక్కులేదు గదా!

విత్తనమునకును ఇదే న్యాయము వర్తింపదా యను ప్రశ్న పుట్టినది. 1999లో టామ్ మైకెల్సు అను చిక్కుడుజాతి సస్యముల శాస్త్రజ్ఞుడు ఈ యూహను ప్రతిపాదించెను. 2012లో అమెరికాయందు ఇందులకై యొక సంస్థ యేర్పడినది. 2014లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆ సంస్థవారు పెక్కు వంగడములను ప్రతిజ్ఞతో విడుదల చేసిరి. ఆ ప్రతిజ్ఞాసారమిది: ఈ విత్తనమును నీ యిచ్చవచ్చినట్లు వాడుకొనుము, దీనినిగాని, దీనినుండి పుట్టిన వంగడములనుగాని ఇతరులు వాడకుండ నిర్బంధింపకుము, ఎవరికిచ్చినను ఈ మాటతోడనే యిమ్ము. మొదట వారు న్యాయశాస్త్ర పరిభాషలో ఒడంబడిక వ్రాయించిరి. అది విత్తనపు పొట్లముపై పట్టనంత పెద్దదగుటచే, అచ్చువేయ వీలగు చిన్న ప్రతిజ్ఞకు దిగిరి.

ఇది మనకేల యందురా? మన సాంబమసూరి వరి కథ వినుడు. బి.పి.టి. 5204 అను ఈ వంగడము బాపట్ల పరిశోధనక్షేత్రమున పుట్టి 1986లో విడుదలయ్యెను. దీని మూలములలో కోయంబత్తూరున పుట్టిన జి.ఇ.బి. 24 ఒకటి, తైవాను దేశపు వరి యొకటి, మసూరి యొకటి. బియ్యము సన్నము, అన్నము రుచికరము. కాని దీనిని ఎండాకు తెగులు పీడించుచుండెను. హైదరాబాదునందలి శాస్త్రజ్ఞులు దీనిని తెగులు తట్టుకొను వరితో సంకరముచేసి, 2008లో మేలైన సాంబమసూరిని విడుదల చేయించిరి. ఈ గొలుసులో ఏ యొక్క కొక్కెమునకు తాళము పడియున్నను తరువాతి కొక్కెము లేకపోయెడిది. క్రొత్త విత్తు పాతవిత్తుల బిడ్డయే గాని ఆకసమునుండి ఊడిపడినది కాదు.

ఐనచో వంగడమును కనిపెట్టినవాని కూడు మాటయేమి? ఇది న్యాయమైన ప్రశ్న. ఒక్క వంగడమునకు ఏండ్లతరబడి శ్రమపడవలయును. ప్రతిజ్ఞ గల విత్తనమును ఊరక పంచవలెనను నియమములేదు, వెలకు అమ్ముకొనవచ్చును. కొందఱు వర్తకులు తమ రాబడిలో కొంత భాగమును సృష్టికర్తకు ఇష్టపూర్వకముగా చెల్లించుచున్నారు. ఐనను ఇది యొక్కటియే చాలదు. బాపట్లవంటి క్షేత్రములను ప్రభుత్వము ప్రజాధనముతో పోషించినపుడే ఉమ్మడిసొత్తు పెరుగును.

మన దేశమున 2001వ సంవత్సరపు సస్యవంగడముల రక్షణ, రైతుల హక్కుల చట్టము రైతునకు గొప్ప హక్కునిచ్చినది. రక్షణపొందిన వంగడపు విత్తనమునైనను రైతు దాచుకొనవచ్చును, తిరిగి విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, అమ్మవచ్చును. ఒక్క నిషేధము కలదు: వంగడముపేరు ముద్రించిన పొట్లములలో కట్టి అమ్మరాదు. మఱియొక హెచ్చరిక: సంకరవిత్తనములు, అనగా హైబ్రిడ్లు, దాచి విత్తినచో మరుసటి పంట తల్లివలె రాదు. కావున ఈ హక్కు వలన ఫలము దక్కవలెనన్న, దాచి విత్తుటకు తగిన సూటిరకములు ఊర నిలిచియుండవలయును.

అట్లు నిలుపుట పెద్దల చేతిలోని పని. మీ యూర మంచి రకమున్నచో, దాని పేరు, ఎవరి చేనిది, ఏ యేటిది అను వివరములు పుస్తకమున వ్రాయించుడు. బెరకు ఏరించుడు. నూఱు గింజలు తడిగుడ్డలో కట్టి ఎన్ని మొలకెత్తునో లెక్కచూడుడు. ఇచ్చునపుడు, నీవును అడిగినవారికి లేదనకుము అని చెప్పి యిండు. ఆ మాట లేని విత్తు ఒక్క చేనికే పంట; ఆ మాటతో పోయిన విత్తు ఊరికంతకు ఆస్తి.