పిన్ కొట్టే ముందు ఒక్క క్షణం!

పోయిన బతుకమ్మ పండుగ ముందు జరిగిన సంగతి ఇది. జాకెట్లు కుట్టే అక్కకు రెండు వేల నాలుగు వందలు పంపాలి. పొయ్యి మీద పప్పు, చేతిలో ఫోను. తొందరలో నంబరులో ఒక అంకె తప్పు నొక్కాను. పేరు కూడా చూడకుండా పిన్ కొట్టేశాను. డబ్బు ఎవరికో వెళ్ళిపోయింది.

ఆ నంబరుకు చేస్తే ఎత్తలేదు. బ్యాంకుకు ఉరికాను. "పిన్ మీరే కొట్టిన్రు కదమ్మా! అవతలి మనిషి ఒప్పుకుంటేనే వాపసు వస్తయి" అన్నారు. ఫిర్యాదు రాసిచ్చినా ఇప్పటికీ పైసా రాలేదు. చిట్టీకి దాచిన డబ్బులోంచి అక్కకు మళ్ళీ పంపాను. మా వారికి చెప్పడానికి వారం పట్టింది.

చెక్కు ఇస్తే, అది చెల్లకముందే బ్యాంకుకు చెప్పి ఆపించుకోవచ్చు. 2016లో వచ్చిన యూపీఐలో ఆ వీలు లేదు. పిన్ కొట్టాక రద్దు చేసే మీట ఉండదు. సౌకర్యమూ ఆ వేగమే, చిక్కూ ఆ వేగమే.

బిట్‌కాయిన్ లాంటి వాటిలో ఇంకా కష్టం. మధ్యలో బ్యాంకే ఉండదు, వెళ్ళి మొరపెట్టుకోవడానికి. మన పక్కనే నిర్మల్‌లో 2024లో యూబిట్ కాయిన్ పేరిట జరిగిన మోసంలో పోలీసులు కొందరిని అరెస్టు చేశారు. అరెస్టులు జరిగినంత మాత్రాన కట్టిన సొమ్ము చేతికి వచ్చినట్టు కాదు కదా!

అందుకే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి:

1. కొత్త నంబరుకు ముందు ఒక్క రూపాయి పంపి, "వచ్చిందా?" అని ఫోన్‌లో అడగండి.

2. పిన్ కొట్టే ముందు ఫోనులో కనిపించే పేరు చదవండి.

3. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. ఎవరైనా "పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అంటే అది మోసమే.

4. మోసపోతే సిగ్గుపడి దాచకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. సొమ్ము దొంగ ఖాతాలో ఇంకా ఉంటే ఆపగలుగుతారు. బ్యాంకుకూ చెప్పండి. రిజర్వు బ్యాంకు 2017 నిబంధన ప్రకారం, పిన్ మనమే చెప్పి మోసపోయినా, బ్యాంకుకు తెలిపిన తర్వాత పోయే డబ్బు బ్యాంకు బాధ్యతే. తెలపకముందు పోయింది మాత్రం మనదే.

నాలాగా పొరపాటున పంపితే యాప్‌లోనూ, బ్యాంకులోనూ ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు.

మన జగిత్యాల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు ఎన్నో ఇళ్ళు గల్ఫ్‌లో ఉన్న మనిషి చెమటతోనో, బీడీలు చుట్టిన ఆడవాళ్ళ వేళ్ళతోనో నడుస్తున్నాయి. అలాంటి డబ్బు ఒక్క అంకె తప్పుతో పోకూడదు. నేనైతే ఇప్పుడు పొయ్యి కట్టేసి, కండ్లద్దాలు పెట్టుకుని, తీరికగా కూర్చున్నాకే ఫోను తీస్తున్నాను.