మీకు తెలుసా? గాలిలా వేడిని అడ్డుకునే స్ఫటికం

అర్ధవాహకాల్లో వేడిని ప్రధానంగా మోసేది ఎలక్ట్రాన్లు కాదు, పరమాణువుల కంపనాలు. ఆ కంపన తరంగాలనే ఫోనాన్లు అంటారు. అలాంటి అర్ధవాహకమైన టంగ్‌స్టన్ డైసెలెనైడ్ పొరల స్ఫటికం: పొర లోపల గట్టి రసాయన బంధాలు, పొరకూ పొరకూ నడుమ బలహీనమైన వాన్ డెర్ వాల్స్ ఆకర్షణ. అందుకే వేడి పొర వెంబడి సులువుగా పారుతుంది, పొరలు దాటడానికి మాత్రం తడబడుతుంది.

2007లో అమెరికాలోని ఇల్లినాయ్, ఒరెగాన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ పదార్థంతోనే పలుచని ఫిల్ములు తయారుచేశారు. ఒక్కో పొరలో పరమాణువుల అమరిక సక్రమంగానే ఉంది. కానీ పైపొర, కింది పొర ఒకే దిశలో లేవు. ఎటుపడితే అటు తిరిగి ఉన్నాయి. దాంతో కంపనాలు ఎక్కడికక్కడే చిక్కుకుపోయాయని వాళ్లు వివరించారు. పొరలకు అడ్డంగా ఉష్ణ వాహకత గది ఉష్ణోగ్రత వద్ద మీటరుకు, కెల్విన్‌కు 0.05 వాట్లకు పడిపోయింది. ఏకస్ఫటికంలో ఉండేదానిలో ఇది సుమారు 30వ వంతు! కదలని గాలి ఉష్ణ వాహకత దాదాపు 0.026. గాలి గదులతో పనిలేకుండా, నిండుగా ఉన్న ఘనపదార్థం అంత దగ్గరికి రావడం నిజంగా అబ్బురమే.

అంతకన్నా ఆశ్చర్యం ఇంకొకటుంది. అయాన్లతో ఢీకొట్టించి ఆ పొరల క్రమాన్ని చెదరగొడితే వేడి ప్రసారం మరింత తగ్గలేదు, పెరిగింది.